అందం కోసం హై-టాప్ స్నీకర్లు కొనేవారికి: తరచుగా అడిగే ప్రశ్నలు

మెత్తటి రన్నింగ్ షూలు ఎన్ని ఉన్నా, పలచటి సోలుతో చీలమండ దాకా లేసులు కట్టుకునే పాతకాలపు హై-టాప్‌ల మీదే మనసు పడేవాళ్లు చాలామంది. ఈ పేజీ వాళ్ల కోసం. సుఖం కొంత తగ్గుతుందని తెలిసే కొంటున్నారు కాబట్టి, అది ఎక్కడ తగ్గుతుంది, ఎంత తగ్గుతుంది, ఎలా సర్దుకోవచ్చు అన్నవి కూడా ముందే తెలియడం మంచిది. అప్పుడు ఆ జత బీరువా అడుగున పడి ఉండదు.

క్లాసిక్ హై-టాప్ అని వేటిని అంటారు?

పై అంచు చీలమండ ఎముకను కప్పేదాకా వచ్చే స్నీకర్‌ను హై-టాప్ అంటాం. ఎముక కిందే ఆగిపోతే లో-టాప్. రెండింటికీ మధ్యలో మిడ్ అని ఒకటి ఉంది.

క్లాసిక్ అనగానే ముందు గుర్తొచ్చేది 1917లో వచ్చిన కన్వర్స్ ఆల్ స్టార్. కాన్వాస్ గుడ్డ, తెల్ల రబ్బరు ముక్కు, చీలమండ లోపలి వైపు గుండ్రటి నక్షత్రం ముద్ర. 1921లో ఆ కంపెనీలో చేరిన బాస్కెట్‌బాల్ ఆటగాడు చక్ టేలర్ పేరు 1930లలో ఆ ముద్ర మీదికి ఎక్కింది. తర్వాత స్కేట్‌బోర్డు కుర్రాళ్ల కోసం 1978లో వ్యాన్స్ స్కేట్-హై వచ్చింది. 1982లో నైకీ ఎయిర్ ఫోర్స్ 1, 1985లో ఎయిర్ జోర్డాన్ 1, అదే ఏడాది డంక్ వచ్చాయి. ఈ మోడళ్లు దశాబ్దాలుగా దాదాపు అదే ఆకారంలో అమ్ముడవుతున్నాయి. అందుకే ఈ ఏడాది కొన్న జత మరో పదేళ్లకు కూడా పాత ఫ్యాషన్‌లా కనబడదు.

బాస్కెట్‌బాల్ కోసం పుట్టిన షూ సౌకర్యంగా ఎందుకు ఉండదు?

అవి పుట్టిన కాలానికి అదే మంచి షూ. రబ్బరును గంధకంతో కలిపి వేడి చేస్తే వేడికి కరగకుండా, చలికి పగలకుండా ఉంటుందని చార్లెస్ గుడ్‌ఇయర్ 1839లో కనుక్కున్నాడు. ఆ పద్ధతిని వల్కనైజింగ్ అంటారు. కాన్వాస్ పైభాగానికి రబ్బరు సోలు అతికించి, చుట్టూ రబ్బరు పట్టీ తిప్పి, మొత్తాన్ని వేడిగదిలో ఉడికిస్తే ఆల్ స్టార్ లాంటి షూ తయారవుతుంది. ఈ పద్ధతిలో సోలు పలచగా, వంగేలా, నేలకు దగ్గరగా ఉంటుంది. ఆట స్థలంలో పట్టు దొరకడానికి అప్పట్లో అది చాలు.

అడుగు వేసినప్పుడు నేల నుంచి వచ్చే తాకిడిని మింగే మెత్తటి ఫోమ్ సోళ్లు 1970ల తర్వాతే మామూలయ్యాయి. మన పాదాలు ఇప్పుడు ఆ ఫోమ్‌కు అలవాటు పడిపోయాయి. అందుకే పాత షూ వేసుకోగానే నేల గట్టిగా తగులుతున్నట్టు అనిపిస్తుంది.

ఇంకో తేడా మడమ ఎత్తులో ఉంది. మామూలు రన్నింగ్ షూలో మడమ, వేళ్లకంటే 8 నుంచి 12 మిల్లీమీటర్ల దాకా ఎత్తులో ఉంటుంది. కాన్వాస్ హై-టాప్‌లో ఆ తేడా దాదాపు ఉండదు. మొదటి రోజుల్లో పిక్కలు, మడమ వెనక నరం లాగినట్టు అనిపించడానికి కారణం ఇదే. ఇది చాలామందికి తెలియదు, షూ సైజు తప్పేమో అనుకుంటారు.

జోర్డాన్ 1, ఎయిర్ ఫోర్స్ 1, డంక్ మరో రకం. వాటిది కప్పులా ముందే పోతపోసి, పైభాగానికి చుట్టూ కుట్టిన సోలు. మందంగా ఉంటుంది, కొంచెం బరువు కూడా. నేల గట్టిగా తగలదు కానీ కొత్తలో అంత తేలిగ్గా వంగదు.

సౌకర్యం తక్కువని తెలిసి కూడా కొనడం తెలివైన పనేనా?

నా లెక్కలో అవును, ఒక షరతు మీద. ఆ షూలో రోజుకు ఎన్ని గంటలు నిలబడతారో నిజాయితీగా లెక్క వేసుకోండి. రెండు మూడు గంటలు స్నేహితులతో బయటికి వెళ్లి రావడానికి, ఎక్కువసేపు కూర్చుని చేసే ఉద్యోగానికి, ఫొటోలకి, ఫంక్షన్‌కి ఈ షూలతో ఏ బాధా ఉండదు. అదే రోజంతా కౌంటర్ వెనక నిలబడి పనిచేసేవాళ్లకి, కొత్త ఊళ్లో ఉదయం నుంచి రాత్రిదాకా నడిచి తిరిగేవాళ్లకి ఇవి తగవు. ఒకే జతతో అన్ని పనులూ కానివ్వాలనుకునేవాళ్లు ఎక్కువగా నిరాశపడతారు.

అద్దంలో చూసుకున్నప్పుడు కలిగే సంతోషం కూడా నిజమైన లాభమే. ఒంటిమీద బట్టలు నప్పాయన్న ధీమాతో నడిచే మనిషి నడకే వేరుగా ఉంటుంది. దాని కోసం అరికాళ్లు కొంత ఓర్చుకోవడంలో నాకు తప్పేమీ కనిపించదు. ఓర్చుకోవడం అంటే అలసట వరకే. నొప్పి మొదలైతే మాత్రం ఆ షూ మీ పాదానికి సరిపోలేదనే అర్థం.

హై-టాప్ చీలమండ బెణకకుండా కాపాడుతుందా?

ఆ నమ్మకంతో మాత్రం కొనొద్దు. 1993లో వెలువడిన ఒక అధ్యయనంలో 622 మంది కాలేజీ బాస్కెట్‌బాల్ ఆటగాళ్లకు హై-టాప్‌లు, లో-టాప్‌లు, గాలి నింపుకునే హై-టాప్‌లు పంచి చూశారు. బెణుకులకూ షూ రకానికీ గట్టి సంబంధం కనిపించలేదు. ఇక చీలమండ చుట్టూ వచ్చే పై అంచు, అంటే కాలర్, పలచటి కాన్వాస్‌ది అయితే కాలు మడతపడుతుంటే ఆపలేదు. స్కేట్-హై లాంటి వాటిలో కాలర్ చుట్టూ ఉండే మెత్త, బోర్డు వచ్చి ఎముకకు తగిలినప్పుడు దెబ్బ తగ్గిస్తుంది. అంతవరకే దాని పని.

కాన్వాస్ మంచిదా, తోలు మంచిదా?

కాన్వాస్ తేలిక, గాలి ఆడుతుంది, కొద్దిరోజుల్లోనే కాలికి అలవాటు పడుతుంది. కొంచెం మాసి, కొంచెం వెలిసినా చూడ్డానికి బాగుంటుంది. నిజం చెప్పాలంటే వెలిసిన నల్ల కాన్వాస్ అందం కొత్తదానికి రాదు. తోలు ఆకారం నిలబెట్టుకుంటుంది, చెమ్మను కొంత ఆపుతుంది, తుడిస్తే శుభ్రమైపోతుంది. అయితే చీలమండ దగ్గర మెత్తబడటానికి ఎక్కువ రోజులు తీసుకుంటుంది. వేళ్ల దగ్గర ముడతలు పడితే మళ్లీ పోవు.

ఎండ ఎక్కువ, అరికాళ్లకు చెమట ఎక్కువ అనుకుంటే కాన్వాస్. ప్యాంటూ చొక్కాతో కాస్త హుందాగా వేసుకోవాలంటే ఒకే రంగు తోలు.

మామూలు ఆల్ స్టార్, చక్ 70 ఒకేలా కనిపిస్తాయి. తేడా ఏమిటి?

1970ల నాటి తయారీని గుర్తుచేస్తూ 2013లో తెచ్చిన మోడల్ చక్ 70. దాని గుడ్డ మందం, పక్కనుండే రబ్బరు పట్టీ ఎత్తు ఎక్కువ, రబ్బరు రంగు మీగడలా ఉండి మెరుస్తుంది, లోపల అరికాలి కింద ఉండే పొర (ఇన్‌సోల్) కూడా మెత్తన. మడమ వెనక ఉండే చిన్న పట్టీ నల్లగా ఉంటుంది. దూరం నుంచి గుర్తుపట్టడానికి అదే సులువు.

అందానికే ఓటు వేసేవాళ్లు కూడా వీలైతే చక్ 70 వైపే మొగ్గండి. ఆకారం నిండుగా ఉంటుంది, కాలికీ కొంత మెత్తదనం దొరుకుతుంది. బరువు కాస్త ఎక్కువ, అంతే.

ఏ సైజు తీసుకోవాలి?

ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. కన్వర్స్ చక్‌లు మామూలు సైజుకంటే పెద్దగా వస్తాయి. మీ రన్నింగ్ షూ సైజుకంటే అరసైజు తక్కువ, కొందరికైతే ఒక సైజు తక్కువ సరిపోతుంది. వ్యాన్స్, నైకీ హై-టాప్‌లకు మాత్రం ఈ లెక్క వాడొద్దు. అక్కడ మీ అసలు సైజు నుంచే మొదలుపెట్టండి.

సైజు అంకెల కంటే షూ నాలుక (లేసుల కింద ఉండే పట్టీ) లోపల లేదా పెట్టె మీద రాసి ఉండే సెంటీమీటర్ల అంకెను నమ్మడం మేలు. సాయంత్రంపూట, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి కాబట్టి, కాగితం మీద నిలబడి మడమ నుంచి పొడవాటి వేలి దాకా కొలవండి. రెండు పాదాలూ కొలవండి, పెద్దదాన్ని లెక్కలోకి తీసుకోండి. అరసైజుకు తేడా సుమారు 4 మిల్లీమీటర్లే అయినా పాదానికి అది బాగా తెలుస్తుంది. నిలబడినప్పుడు వేలి ముందు ఒక చేతి బొటనవేలి వెడల్పు ఖాళీ ఉండాలి.

కన్వర్స్‌లో అమెరికా సైజులు ఆడవాళ్లకూ మగవాళ్లకూ 2 అంకెల తేడాతో ఉంటాయి. మగవాళ్ల 6, ఆడవాళ్ల 8 ఒకే షూ. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు అది ఏ వరస సైజో చూడకుండా బటన్ నొక్కొద్దు.

నా పాదం వెడల్పు. నాకు కుదురుతాయా?

కాన్వాస్ హై-టాప్‌లు ముందువైపు సన్నగా ఉంటాయి. సైజు పెంచితే వెడల్పు సమస్య కొంత తీరుతుంది కానీ మడమ లూజు అవుతుంది, ముక్కు పొడవై ఆకారం పాడవుతుంది. కొన్ని మోడళ్లు వెడల్పు రకంలో దొరుకుతాయి, ముందు అవి వెతకండి. లేకపోతే కిందివైపు లేసులు వదులుగా, పైన బిగించి కట్టి చూడండి. చిటికెనవేలు రబ్బరు అంచుకు ఒరుసుకుంటుంటే ఆ జత వదిలేయండి. గుడ్డ సాగుతుంది కానీ రబ్బరు సాగదు.

ఎవరు అసలు కొనకూడదు?

మధుమేహం వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లు. షూ ఒరుసుకున్నా వాళ్లకు తెలియదు, చిన్న పుండు పెద్దదవుతుంది. వాళ్లు షూల సంగతి డాక్టరుతో మాట్లాడే కొనాలి. పొద్దున్నే మంచం దిగగానే మడమ కింద పొడిచినట్టు నొప్పి వచ్చేవాళ్లు అది తగ్గేదాకా ఆగాలి. బొటనవేలి పక్క ఎముక ఉబ్బినవాళ్లకు సన్నటి ముక్కు బాధ పెంచుతుంది. ఎదిగే పిల్లలకైతే అప్పుడప్పుడు వేయొచ్చు, ఆటలకు మాత్రం వేరే షూ ఇవ్వండి.

ఏ ప్యాంటు మీదికి నప్పుతాయి? పొట్టిగా ఉన్నవాళ్లు వేసుకోవచ్చా?

హై-టాప్ కాలర్ కాలిని చీలమండ దగ్గర అడ్డంగా గీత గీసినట్టు కోస్తుంది. కాళ్లు పొట్టిగా కనిపించడానికైనా, పొడవుగా కనిపించడానికైనా ఈ గీతే కారణం. దాన్ని ఎక్కడ చూపించాలి, ఎక్కడ దాచాలి అన్నది తెలిస్తే మిగతాదంతా సులువు.

కిందికి వచ్చేకొద్దీ సన్నబడే ప్యాంటు అందరికీ నప్పుతుంది. అంచు సరిగ్గా కాలర్‌ను తాకి ఆగాలి. గుడ్డ షూ మీద కుప్పపడితే మొత్తం ముతకగా కనిపిస్తుంది. వెడల్పాటి ప్యాంటు అయితే కాలర్‌ను పూర్తిగా కప్పేసి తెల్ల ముక్కు మాత్రమే బయటికి కనబడనివ్వండి. ఈ మధ్య నాకు బాగా నచ్చేది ఇదే. పొట్టిగా ఉన్నవాళ్లకూ బాగుంటుంది, ఎందుకంటే గీత కనబడదు. బిగుతు జీన్స్ అంచును కాలర్ లోపలికి దోపొచ్చు, అయితే షూ ముక్కు చాలా పొడవుగా కనిపిస్తుంది. పాదాలు పెద్దవైతే అలా వద్దు.

అంచు పొట్టి ప్యాంటు వేసి, కాలర్‌కూ అంచుకూ మధ్య చర్మం కనిపించేలా వదిలితే కాలు మూడు ముక్కలుగా కనబడుతుంది. పొడుగు కాళ్లవాళ్లకు అది అందమే. మిగతావాళ్లు ప్యాంటు రంగు సాక్సులతో ఆ ఖాళీ నింపితే సరిపోతుంది. నల్ల ప్యాంటు, నల్ల సాక్సు, నల్ల హై-టాప్ వేస్తే గీతే ఉండదు.

మోకాలి దగ్గర ఆగే గౌన్లూ స్కర్టులూ చాలా బాగుంటాయి. పిక్క మధ్యలో ఆగే గౌనుతో కాస్త కష్టం, అద్దంలో చూసుకుని నిర్ణయించుకోండి.

మొదటి జత ఏ రంగు?

నలుపు మీద తెల్ల సోలు. మురికి కనబడదు, ఏ బట్టల మీదికైనా వెళ్తుంది. పూర్తి తెలుపు చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది కానీ వారం వారం తోమే ఓపిక ఉండాలి. ఎరుపు రెండో జతకు దాచుకోండి.

లేసులు ఎలా కట్టుకుంటే బాగుంటుంది?

కాన్వాస్ హై-టాప్‌కు అడ్డగీతల్లా సమాంతరంగా వచ్చే కట్టు బాగా కుదురుతుంది. ముడి లోపలికి తోసేస్తే ఇంకా నీటుగా ఉంటుంది. సౌకర్యం కావాలంటే పైన ఒక జత రంధ్రాలు వదిలేయండి. చీలమండ వంగేటప్పుడు కాలర్ నొక్కదు, చూడ్డానికీ కాస్త తేలిగ్గా ఉంటుంది. లేసు పొడవైందని చీలమండ చుట్టూ తిప్పి కట్టేవాళ్లున్నారు. గుడ్డ అక్కడే అరిగి చిరుగుతుంది, రక్తప్రసరణకూ మంచిది కాదు. చిన్న లేసు కొనుక్కోండి.

వేసుకునేటప్పుడూ విప్పేటప్పుడూ లేసులు సగందాకా వదులు చేయండి. హై-టాప్‌తో ఈ ఓపిక తప్పదు. కాలితో మడమ తొక్కి విప్పితే వెనకభాగం విరిగిపోతుంది. ఓపిక అస్సలు లేకపోతే పక్కన జిప్ ఉన్న రకాలు దొరుకుతాయి.

షూ కరుస్తోంది. ఏం చేయాలి?

మొదటి వారం ఇంట్లోనే గంటో రెండు గంటలో వేసుకుని తిరగండి. కాలర్‌కంటే ఎత్తుగా వచ్చే మందపాటి సాక్సు తప్పనిసరి, గుడ్డ అంచు నేరుగా చర్మానికి తగలకూడదు. పొట్టి సాక్సులూ హై-టాప్‌లూ కలిస్తే బొబ్బలు ఖాయం. మడమ వెనక ఎర్రబడగానే, బొబ్బ లేవకముందే ప్లాస్టర్ అంటించండి. తోలు షూ అయితే కాలర్‌ను చేతులతో ముందుకూ వెనక్కూ వంచుతూ మెత్తబరచండి. హెయిర్ డ్రయర్‌తో వేడి చేయమని కొందరు చెబుతారు. జిగురు వదులుతుంది, వద్దు.

రెండు మూడు వారాలైనా అదే చోట కరుస్తుంటే అలవాటు పడుతుందని ఎదురుచూడకండి.

మెత్తటి ఇన్‌సోల్ వేసుకుంటే సమస్య తీరుతుందా?

సగం తీరుతుంది. 3 మిల్లీమీటర్ల పలచటి ఇన్‌సోల్ వేసినా అరికాలికి బాగా తేడా తెలుస్తుంది. పాదం వంపుకు ఆసరా ఇచ్చే రకం ఇంకా మేలు, ఎందుకంటే ఈ షూల లోపల వంపుకు ఆసరా దాదాపు ఉండదు. కానీ ఇన్‌సోల్ మందం పెరిగేకొద్దీ పాదం పైకి లేస్తుంది, పైభాగం బిగుసుకుంటుంది, మడమ జారుతుంది. ఇన్‌సోల్ వేయాలని ముందే అనుకుంటే అరసైజు తగ్గించకుండా కొనండి. ఉన్న ఇన్‌సోల్ జిగురుతో అంటించి ఉంటే పీకకుండా దానిమీదే పలచటిది వేయండి.

సోలు కింద నూగులాంటిది ఎందుకు ఉంది? పక్కన రెండు రంధ్రాలెందుకు?

కొత్త ఆల్ స్టార్ సోలు మీద పలచటి బట్టలాంటి పొర ఉంటుంది. సోలు బట్టతో చేసిన షూలకు అమెరికాలో దిగుమతి సుంకం తక్కువ. అందుకే ఆ పొర. కొద్దిరోజుల నడకకే అరిగిపోతుంది. అప్పటిదాకా నున్నటి నేలమీద జారే అవకాశం ఉంది, జాగ్రత్త. లోపలి పక్కన ఉండే రంధ్రాలు గాలి ఆడటానికి.

వానలో వేసుకోవచ్చా?

కాన్వాస్ వద్దు. గుడ్డ నానుతుంది, ఆ గాలి రంధ్రాల్లోంచి నేరుగా నీళ్లు వస్తాయి, తడి పలకల మీద పాత రకం రబ్బరు జారుతుంది. తడిస్తే లోపల కాగితాలు కుక్కి నీడలో ఆరబెట్టండి, కాగితాలు మారుస్తూ ఉండండి.

ఎలా ఉతకాలి?

లేసులు తీసి విడిగా నానబెట్టండి. గోరువెచ్చటి నీళ్లలో కొద్దిగా సబ్బు కలిపి, మెత్తటి బ్రష్‌తో గుడ్డను తోమండి. రబ్బరు పట్టీకి పాత టూత్‌బ్రష్, వంటసోడా ముద్ద చాలు. వాషింగ్ మెషీన్‌లో వేస్తే రబ్బరూ గుడ్డా కలిసే చోట జిగురు వదిలే ప్రమాదం ఉంది. తెల్ల గుడ్డమీద సబ్బు మిగిలిపోతే ఆరాక పసుపు మరకలు తేలతాయి కాబట్టి నీళ్లు తేటగా వచ్చేదాకా కడగండి. ఆరేటప్పుడు తెల్ల టిష్యూ కాగితం చుట్టితే మిగిలిన మరక కాగితానికి ఎక్కుతుంది. ఎండలో పెట్టొద్దు.

తోలుకు తడిగుడ్డ, తర్వాత పొడిగుడ్డ. అంతే.

జిమ్‌కు పనికొస్తాయా?

బరువులెత్తడానికి భేషుగ్గా. సోలు గట్టిగా, చదునుగా ఉండటం అక్కడ లాభం. డెడ్‌లిఫ్ట్ (నేలమీది బరువును నిలబడుతూ పైకెత్తడం) చేసేవాళ్లు చాలామంది కాన్వాస్ హై-టాప్‌లనే వేసుకుంటారు. ట్రెడ్‌మిల్ మీద పరుగుకు మాత్రం వద్దు.

ఎప్పుడు మార్చాలి?

వేళ్లు వంగే చోట గుడ్డా రబ్బరూ కలిసే అంచు ముందు చిరుగుతుంది. చిన్న చీలికైతే షూ జిగురుతో అతికించుకోవచ్చు. సోలు గీతలు పూర్తిగా నున్నబడినా, మడమ ఒకపక్కే అరిగి షూ వాలినా మార్చేయండి. వాలిన షూ మోకాలిదాకా బాధపెడుతుంది. వెలిసిన రంగు, మాసిన ముక్కు మార్చడానికి కారణాలు కావు.

ఒకటే జత కొనగలను. ఏది కొనాలి?

కాన్వాస్ ఇష్టమైతే నల్ల చక్ 70. రోజూ కాస్త ఎక్కువ నడక ఉంటే, చీలమండ చుట్టూ మెత్త ఉన్న వ్యాన్స్ స్కేట్-హై. రెండూ వేసుకుని, దుకాణంలో గట్టి నేలమీద పది నిమిషాలు నడిచి తేల్చుకోండి. అద్దం ముందు నిలబడే సమయాన్ని ఆ పది నిమిషాల్లో కలపొద్దు. కొన్న రోజే అదనపు లేసుల జత ఒకటి తీసుకోండి, ముందుగా పాడయ్యేవి అవే.